మీడ్ కనుమ దాకా: కామెట్ శిఖరం దారిలో నా అనుభవం

కామెట్ పేరు నేను మొదట విన్నది ఒక సమాధి దగ్గర. అమ్మానాన్నలతో బదరీనాథ్ యాత్రకు వెళ్ళినప్పుడు వాళ్ళను గోవింద్‌ఘాట్‌లో ఉంచి నేనూ తమ్ముడూ పూలలోయకు నడిచాం. ఆ లోయలో జోన్ మార్గరెట్ లెగ్ సమాధి ఉంది. మొక్కలు సేకరించడానికి ఇంగ్లండు నుంచి వచ్చి, 1939లో అక్కడి బండల మీద కాలు జారి చనిపోయిందామె. అంత దూరం నుంచి ఈ మూలకు ఎందుకు వచ్చిందని అడిగితే, మా వెంట వచ్చిన ఘాంఘ్రియా కుర్రవాడు ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు. 1931లో కామెట్ ఎక్కి తిరిగి వస్తున్నవాళ్ళు భ్యూండార్ కనుమ దాటి, మంచుతెరల్లో ఈ లోయలోకి దిగారట. వాళ్ళు చెప్పాకే ఇక్కడి పూల సంగతి బయటి లోకానికి తెలిసిందట. గొర్రెల కాపరులు తరతరాలుగా ఎరిగిన లోయను ఎవరో వచ్చి కనుగొన్నారనడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆ కొండ పేరు మాత్రం మనసులో నాటుకుపోయింది.

ఆ పేరుకూ తోకచుక్కకూ సంబంధం లేదు. ఉత్తరాఖండ్‌లో, టిబెట్ సరిహద్దు దగ్గర, చుట్టూ హిమానీనదాలు పరుచుకుని ఉన్న శిఖరం అది. ఎత్తు 7,756 మీటర్లు. ఆ రాష్ట్రంలో నందాదేవి తరువాత స్థానం దానిదే. గుడి మెట్ల మీద నిలబడి చూసి దండం పెట్టుకునే కొండ కాదు. దాని దగ్గరకు పోవాలంటే ధౌళీగంగ లోయ చివరి ఊరు దాటి, ఆ తరువాత రోజుల తరబడి రాళ్ళ మీదా మంచు మీదా నడవాలి.

వరంగల్ తిరిగి వచ్చాక రెండేళ్ళ పాటు బ్యాంకు పని అయిపోగానే ఈ కొండ గురించి దొరికినదల్లా చదివాను. చదివే కొద్దీ నన్ను పట్టి లాగింది శిఖరం కాదు, దాని దగ్గరకు వచ్చి వెనక్కి తిరిగిన మనుషులు. 1855లో జర్మనీకి చెందిన ఆడాల్ఫ్, రాబర్ట్ ష్లాగింట్‌వైట్ అనే అన్నదమ్ములు వచ్చారు. వాళ్ళు ఎక్కినది పక్కనున్న అబీ గామిన్ శిఖరం మీద. అయినా దాదాపు 6,785 మీటర్ల దాకా వెళ్ళారు. ఆ రోజుల్లో కొండల మీద అంత ఎత్తుకు వెళ్ళినట్టు నమోదైనవాళ్ళు లేరు. ఏది కామెట్, ఏది అబీ గామిన్, ఏ హిమానీనదం వెంట పోతే ఏ శిఖరం వస్తుంది అన్నది తేలడానికే ఆ తరువాత అర శతాబ్దం పట్టింది. 1907లో త్రిశూల్ శిఖరం ఎక్కిన బ్రిటిష్ పర్వతారోహకుడు లాంగ్‌స్టాఫ్ తన సహచరులు బ్రూస్, మమ్‌లతో కలిసి వచ్చి కామెట్‌ను చుట్టూ చూసి వెళ్ళాడు. స్లింగ్స్‌బీ అనే మరో బ్రిటిష్ పర్వతారోహకుడు పడమటి నుంచి ప్రయత్నించి ఓడిపోయాడు. వాళ్ళ దేశానికే చెందిన మీడ్ మాత్రం 1910 మొదలుకొని మళ్ళీ మళ్ళీ వచ్చాడు. 1913లో తూర్పు కామెట్ హిమానీనదం మీదుగా పోయి, కామెట్‌కూ అబీ గామిన్‌కూ నడుమనున్న కనుమ ఎక్కాడు. ఆ కనుమకు ఈనాటికీ మీడ్ పేరే ఉంది. ఎత్తు 7,138 మీటర్లు. దారి దొరికింది, శిఖరం మాత్రం దొరకలేదు.

చివరకు 1931 జూన్ 21న ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ స్మైత్ బృందం పైకి చేరింది. అప్పటికి మనిషి ఎక్కిన శిఖరాలలో అదే అన్నింటికన్నా ఎత్తయినది. ఈ కథలో నన్ను నిలవనీయనిది ఒక చిన్న ఘట్టం. స్మైత్, షిప్టన్, హోల్డ్స్‌వర్త్‌లతో పాటు లేవా అనే షెర్పా ఉన్నాడు. శిఖరం ఇక కొన్ని అడుగులే ఉందనగా మిగిలినవాళ్ళు ఆగి, లేవాను పట్టుకుని తమ కన్నా ముందుకు నెట్టారు. మూటలు మోసినవాడు మొదట కాలు పెట్టాలన్నది వాళ్ళ ఉద్దేశం. సామ్రాజ్యపు రోజులవి. కూలివాడి పేరు లెక్కల పుస్తకంలో తప్ప కనిపించని కాలం. రెండు రోజుల తరువాత ఎక్కిన రెండో జట్టులో గఢ్వాల్‌కు చెందిన కేసర్ సింగ్ ఉన్నాడు. లేవా మాత్రం ఆ ఎక్కుడులో మంచుకాటుకు కాలివేళ్ళు పోగొట్టుకున్నాడు. హోల్డ్స్‌వర్త్ శిఖరం మీద పైపు కాల్చాడన్న సంగతి అందరూ చెప్పుకుంటారు. లేవా వేళ్ళ సంగతి చెప్పుకునేవాళ్ళు తక్కువ.

నేనూ వెళ్ళాలని, ఆ చివరి అడుగుల దగ్గర ఆగి నా వెంట వచ్చిన షెర్పాను ముందు నడవమనాలని ఆ రోజుల్లోనే అనుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

అనుకోవడానికీ వెళ్ళడానికీ మధ్య ఐదేళ్ళు గడిచాయి. ఆదివారాలు తెల్లవారుజామున బయలుదేరి భువనగిరి కొండకు పోయేదాన్ని. 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ కొండలెక్కడం మొదలుపెట్టింది ఆ బండ మీదే. నున్నటి రాతి మీద పాదం పూర్తిగా ఆన్చి, చేతులను కాక కాళ్ళను నమ్మడం అక్కడే నేర్చుకున్నాను. తరువాత ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేశాను. టేఖ్లా బండల మీద కొన్ని రోజులు, డోక్రియానీ హిమానీనదం మీద కొన్ని రోజులు. మంచు వాలులో కావాలని జారి, మంచు గొడ్డలిని గుండెకు అదిమి పట్టి ముక్కును మంచులో గుచ్చి ఆగడం రోజుకు ఇరవై సార్లు చేయించేవారు. బేసిక్‌లో 'ఎ' గ్రేడు వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు తీసుకుంటారు. నాకు వచ్చింది. ఆ తరువాత ఒక ఆరువేల మీటర్ల శిఖరం ఎక్కాను. అక్కడ పరిచయమైనవాళ్ళే కామెట్ బృందానికి నన్ను పిలిచారు. తొమ్మిది మందిమి, అందులో ఇద్దరం ఆడవాళ్ళం.

కాగితాల పని కొండకన్నా నిటారుగా ఉంటుందని ఎవరూ ముందు చెప్పరు. శిఖరానికి అనుమతి ఢిల్లీలోని భారత పర్వతారోహణ సంఘం ఇవ్వాలి. సరిహద్దు ప్రాంతం కనుక రక్షణ, హోం శాఖల ఆమోదం కావాలి. బృందంతో పాటు ఒక అనుసంధాన అధికారి వస్తారు. సరిహద్దు ప్రాంతంలోకి అడుగు పెట్టడానికి జోషీమఠ్‌లో ఇన్నర్ లైన్ పర్మిట్ వేరుగా తీసుకోవాలి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను తీసుకుపోవడం నేరం. గుండె పరీక్ష, రక్తపరీక్ష, ఇంటివాళ్ళ అంగీకార పత్రం. ఆ పత్రం మీద నాన్న సంతకం పెట్టడానికి రెండు రోజులు పట్టింది. ఒక కార్యాలయంలో మా ఫైలు నెలకు పైగా కదలలేదు. ఉత్తర్వు చేతికి వచ్చేసరికి రైలుకు తొమ్మిది రోజులే మిగిలాయి. నలభై రోజుల సెలవు ఇచ్చిన మా మేనేజరు గారికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మే మూడో వారంలో జోషీమఠ్ చేరాం. 2023 జనవరిలో నేల కుంగినప్పుడు బీటలు వారిన ఇళ్ళు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి, గోడల మీద ఎర్ర గుర్తులతో. అక్కడి నుంచి ధౌళీగంగ వెంబడి పైకి. రైనీ గ్రామం దగ్గర జీపు ఆపించుకుని దిగాను. 1974లో గౌరాదేవి, ఊరి ఆడవాళ్ళు చెట్లను కావలించుకుని గొడ్డళ్ళను ఆపిన చోటు అది. 2021 ఫిబ్రవరి 7న రిషిగంగ వరద ముంచెత్తినది కూడా ఆ ఊరి ముంగిటనే. నది ఆ రోజు నేను చూసినప్పుడు సన్నగా, ఏమీ ఎరగనట్టు పారుతోంది. మలారీ, గమ్షాలీ దాటి నీతీ చేరేసరికి సాయంత్రమైంది. చలికాలమంతా కింది ఊళ్ళలో గడిపి అప్పుడప్పుడే తిరిగి వస్తున్న భోటియా కుటుంబాలు ఇళ్ళ తాళాలు తీసి బూజు దులుపుతున్నాయి. మేం బస చేసిన ఇంటి పెద్దమ్మ మగ్గం మీద ఉన్ని తివాచీ నేస్తూ, తన మామగారు మేకల మీద ధాన్యం వేసుకుని కనుమ దాటి టిబెట్ వెళ్ళి ఉప్పు తెచ్చేవారని చెప్పింది. 1962 తరువాత ఆ దారి మూతపడింది. ఉప్పు వేసిన టీ ఇచ్చి, పైకి ఎందుకు పోతున్నారని అడిగింది. చూడడానికి అన్నాను. ఆమె మరేమీ అనకుండా మరో గ్లాసు పోసింది.

నీతీ నుంచి కంచరగాడిదల మీద సామాను వేసి, వసుధార తాల్ అనే చిన్న సరస్సు దగ్గర బేస్ క్యాంపు పెట్టాం. అక్కడే మా దాజుతో నాకు చనువు ఏర్పడింది. దాజు అంటే నేపాలీలో అన్న. దార్జిలింగ్ నుంచి వచ్చిన షెర్పా, నలభై దాటినవాడు, మాట తక్కువ. నన్ను బహినీ, అంటే చెల్లీ అనేవాడు. అమ్మ కట్టి ఇచ్చిన సకినాలు అతనికి ఎంతగా నచ్చాయంటే, రోజూ సాయంత్రం టీ వేళకు ఒక్కటి తీసుకుని చుట్లు విప్పుతూ పావుగంట తినేవాడు.

బయటివాళ్ళు కొండ ఎక్కడమంటే పైకి పోతూనే ఉండడం అనుకుంటారు. నిజానికి సగం పని దిగడమే. ఒక మూట పై క్యాంపుకు మోసి, అక్కడ వదిలి, కిందికి వచ్చి పడుకోవాలి. మరునాడు మళ్ళీ అంతే. ఆ తరువాతనే పైన నిద్ర. రక్తం ఆ పలుచని గాలికి అలవాటు పడాలంటే ఇంతకన్నా దారి లేదు. మీడ్ దగ్గర మొదలుకొని అందరూ నడిచిన తూర్పు కామెట్ హిమానీనదం మీద మేం అలా పది రోజులకు పైగా కిందికీ పైకీ తిరిగాం. రెండు పక్కలా నిటారు గోడలు, వాటి పైన వేలాడే మంచు. ఎండ ఎక్కగానే రాళ్ళు దొర్లడం మొదలవుతుంది, అందుకని నడక అంతా చీకట్లోనే. తాడుతో ఒకరికొకరు కట్టుకుని, కర్రతో పొడిచి చూసుకుంటూ మంచు పగుళ్ళు దాటేవాళ్ళం. ఒకసారి నా కుడికాలు మోకాలి దాకా దిగబడి, కింద నీలం రంగు ఖాళీ కనిపించింది. దాజు తాడు బిగించి పట్టుకున్నాడు, ఏమీ మాట్లాడలేదు, నేను లేచే దాకా కదలలేదు.

రెండో క్యాంపు దాటాక నిద్ర కరువైంది. కన్ను మూతపడగానే ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం. అన్నం గొంతు దిగదు. స్టవ్ మీద మంచు కరిగించి మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు చేసుకోవడానికే పూటంతా పోయేది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరులో 72 కనిపించినప్పుడు భయపడితే, దాజు తన వేలు పెట్టి చూపించాడు, అతనిది 84. ఇక్కడే నాకు కెల్లాస్ గుర్తుకొచ్చేవాడు. స్కాట్లండుకు చెందిన ఆ రసాయన శాస్త్రజ్ఞుడు 1920లో సర్వే అధికారి మోర్స్‌హెడ్‌తో కలిసి కామెట్‌కు వచ్చి, ఎత్తులో మనిషి శరీరం ఏమవుతుందో కొలిచి చూశాడు. ఆక్సిజన్ సిలిండర్లు కూడా తెచ్చి పరీక్షించి, మోయడానికి అవి మరీ బరువని తేల్చాడు. మీడ్ కనుమ కాస్త దాటి, ఆపైన గుడారం వేయడానికి కూలీలు ఒప్పుకోక వెనుదిరిగాడు. మరుసటి ఏడాది ఎవరెస్టు దారిలో ప్రాణం విడిచాడు. షెర్పాల సత్తాను అందరికన్నా ముందు గుర్తించి, వాళ్ళను తోటివాళ్ళుగా చూసిన మనిషి అతను. అతని పేరు మన పిల్లల పుస్తకాలలో ఉండాలి.

మూడో క్యాంపు పైన రాయీ మంచూ కలిసిన నిటారు గోడ వస్తుంది. ఈ దారిలో అన్నింటికన్నా కష్టమైన చోటు అదే. 1931లో వాళ్ళు నారతాళ్ళు పట్టుకుని, గొడ్డలితో మెట్లు చెక్కుకుంటూ పోయారు. మాకు నైలాన్ తాళ్ళు, తాడును పట్టి పైకి జరుపుకునే జూమర్లు, బూట్లకు తగిలించే ముందు కోరలున్న క్రాంపాన్లు ఉన్నా ఏడు గంటలు పట్టింది. జూమర్ పైకి జరుపు, కాలు పొడువు, ఐదుసార్లు ఊపిరి పీల్చు, మళ్ళీ జరుపు. సూర్యుడు అవతలి శిఖరాల మీద పడినప్పుడు తల తిప్పి చూశాను. ఒక్క క్షణం నాకు భయం, అలసట, ఇల్లు ఏదీ గుర్తు లేదు. అంత వెలుగు అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

మీడ్ కనుమ చేరింది జూన్ మధ్యలో ఒక మధ్యాహ్నం. వెడల్పాటి తెల్లని మైదానం, దానికి ఒక పక్క అబీ గామిన్, మరో పక్క కామెట్. పీల్చుకునే గాలి సముద్రమట్టంలో దొరికేదానిలో సగం కూడా ఉండదు. 1913లో మీడ్ ఇక్కడే గుడారం వేశాడు. ఇక్కడి నుంచి శిఖరం చేతికందేంత దగ్గరగా ఉంటుంది. పైకి ఇంకా ఆరువందల మీటర్లని తెలిసినా కన్ను నమ్మదు. అతనికి వెనక్కి తిరగడం ఎంత కష్టమైందో ఆ పూట నాకు అర్థమైంది.

రాత్రి ఒంటి గంటన్నరకు బయలుదేరాం. నలుగురం సభ్యులం, దాజు, మరో షెర్పా. కాసేపటికి ఒక మిత్రుడు వాంతులతో గుడారానికి తిరిగి వెళ్ళాడు. గాలి పడమటి నుంచి కొడుతోంది. ముఖం మీద గుడ్డ గడ్డకట్టి పలకలాగా అయింది. మొదటి గంటలోనే నా ఎడమ కాలివేళ్ళు మొద్దుబారాయి. నేను చెప్పలేదు. చెబితే దించేస్తారని నాకు తెలుసు. ఇంకో గంట నడిచాను. అడుగు సరిగ్గా పడకపోవడం దాజు వెనక నుంచి చూసి నా ముందుకు వచ్చి ఆగాడు. తలలైటు నా కళ్ళలోకి వేసి, "వేళ్ళు కదుపు బహినీ" అన్నాడు. కదుపుతున్నానన్నాను. "కదులుతున్నట్టు తెలుస్తోందా?" అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయాను.

ఒక్కదాన్నే దిగుతానన్నాను. గుడారం దాకా వాలు పెద్ద కష్టం కాదని, అతను మిగిలినవాళ్ళతో పైకి వెళ్ళాలని బతిమాలాను. అతను తాడు ముడి మార్చి నన్ను తన నడుముకు కట్టుకున్నాడు, అంతే. మిగిలిన ఇద్దరూ రెండో షెర్పాతో పైకి సాగారు. వాళ్ళ దీపాలు చాలాసేపు వెనక్కి తిరిగి చూస్తూ దిగాను.

గుడారంలో దాజు నా బూటు, మేజోళ్ళు విప్పాడు. వేళ్ళు మైనం ముక్కల్లా తెల్లగా ఉన్నాయి. అతను తన జాకెట్ జిప్పు తీసి, నా పాదాలను చొక్కా లోపల కడుపుకు ఆనించుకుని జాకెట్ మూసుకున్నాడు. మంచుగడ్డల్లాంటి పాదాలను అలా గంటన్నర పట్టుకుని కూర్చున్నాడు. నెత్తురు తిరిగి వస్తున్నప్పుడు నొప్పికి నేను గట్టిగా ఏడ్చేశాను. "నొప్పి పుడితే మంచిదే" అన్నాడు.

నొప్పి తగ్గాక కూడా ఏడుపు ఆగలేదు. అప్పుడు చెప్పాను. లేవా సంగతి, శిఖరం దగ్గర అతన్ని ముందుకు నెట్టిన సంగతి, నేను ఇన్నేళ్ళుగా మనసులో పెట్టుకున్న మాట. అతన్ని ముందు నడపాలని వచ్చి, చివరకు అతను కూడా ఎక్కకుండా చేశానని. దాజు లేవా పేరు అంతకు ముందు వినలేదు. కథంతా శ్రద్ధగా విన్నాడు. ఆ తరువాత ఒకే ప్రశ్న వేశాడు.

"వేళ్ళు పోయాక ఏం చేశాడు?"

మళ్ళీ కొండలకే వెళ్ళాడని చెప్పాను.

దాజు స్టవ్ వెలిగిస్తూ తల ఊపాడు. "వెళ్తాడు మరి. ఇంకేం చేస్తాడు?"

మిగిలిన ఇద్దరూ ఆ ఉదయం శిఖరం చేరి క్షేమంగా దిగి వచ్చారు. వాళ్ళను కౌగిలించుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం నిజమైనదే. జోషీమఠ్ ఆసుపత్రిలో డాక్టరు గారు వేళ్ళు నొక్కి చూసి, ఇంకో గంట ఆలస్యమై ఉంటే బొటనవేలు తీసేయాల్సి వచ్చేదన్నారు. రెండు గోళ్ళు ఊడాయి, నల్లబడిన చర్మం నెలకు పైగా పొరలు పొరలుగా లేచింది. ఇప్పటికీ చలికాలం వస్తే ఆ వేలు ముందు చెబుతుంది.

ఇంటికి వచ్చాక దసరాకు అమ్మ చేత సకినాలు చేయించి దార్జిలింగ్ పంపాను. చాలా రోజుల దాకా జవాబు లేదు. మరుసటి ఏడాది జూన్ చివర్లో బ్యాంకులో ఉండగా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. వేరే బృందంతో మళ్ళీ కామెట్‌కు వెళ్ళాడట. ఫొటోలో మనుషులు లేరు. ఎండలో మెరుస్తున్న మంచు, చివరి వాలు, దాని పైన ఆకాశం. ముందు ఒక్క అడుగుజాడ కూడా లేదు.